బావ ఓటల్లో పస్తా

మొన్న మా మనవరాలు పట్టుబట్టి నన్ను విజయనగరంలో కొత్తగా పెట్టిన ఇటలీ వంటల హోటలుకి తీసుకెళ్ళింది. వద్దంటే వినే రకం కాదు. లోపల చలి, మసక దీపాలు, గోడకి ఏదో పరాయి ఊరి వీధి బొమ్మ. అట్టంత పెద్ద కాగితం నా ముందు పరిచి, "ఏం తింటావు అమ్మమ్మా?" అని అడిగింది.

"పస్తా" అన్నాను.

పిల్ల కిసుక్కున నవ్వింది. "పస్తా కాదమ్మమ్మా, పాస్తా. పస్తంటే తిండి లేకపోవడం కదూ?"

నా ఒళ్ళు మండిపోయింది. పస్తంటే ఏటో నాకు చెప్పొచ్చిందండీ, పాలు తాగనని పూటపూటకీ మారాం చేసి పెరిగిన గుంట! "ఆ దేశపోళ్ళు పస్తా అనే అంటారు. దీర్ఘాలూ గీర్ఘాలూ లేవు. కావాలంటే నీ ఫోన్నే అడుగు" అన్నాను. అడిగింది. ఫోన్లోంచి ఎవరో ఆడమనిషి "పస్తా" అని పలికింది. మనవరాలు నన్ను ఎగాదిగా చూసి, "నీకెలా తెలుసు?" అంది.

నేను జవాబు చెప్పేలోగా పళ్ళెం వచ్చింది. ఒక పోగు తీసి కొరికాను. "పంటికి తెలియాల" అనేవాడు మా బావ. తెలిసింది. అంతే, రెండో పోగు గొంతు దిగలేదు. బాగులేదా అని పిల్ల అడిగితే బాగుందనే చెప్పాను. బాగుంది మరి. అదే కదా నా బాధ.

బావంటే మా అప్ప మొగుడు. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. ఆయన పేరు ఇక్కడ రాయను. చివరి రోజుల్లో ఊరంతా పస్తా ఓటలాయన అనే అనేవారు, ఆ పేరైనా గౌరవంగా పెట్టింది కాదు. మనిషి పొడుగు, నడుం దగ్గర కాస్త వంపు. నోటితో మాట్లాడే దానికన్నా చేతులతో మాట్లాడేది ఎక్కువ. తిన్నది బాగుందనుకోండి, చూపుడువేలు బుగ్గకి ఆనించి గిర్రున తిప్పేవాడు. మా అమ్మ చేపల పులుసు కాచినా అదే, పెళ్ళిలో బూరె కొరికినా అదే. ఎదుటి వరసలో ఆడవాళ్ళు పైటలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. "ఏటి బావా, పన్ను పోటా?" అని నేను ఆటపట్టించేదాన్ని. "ఒసే, నీకేటి తెలుసు. ఆ దేశంలో అది మెచ్చుకోలు" అనేవాడు.

ఆ దేశం ఆయన చూడలేదు. ఆ దేశమే ఆయన దగ్గరకి వచ్చింది. పెద్ద యుద్ధంలో పట్టుబడ్డ ఇటలీ సైనికుల్ని తెచ్చి బెంగుళూరు అవతల ముళ్ళకంచెల్లో పెట్టారు. కూలి వెతుక్కుంటూ అంతదూరం పోయిన బావ, ఆ శిబిరం వంటశాలలో నీళ్ళు మోసే పనికి కుదిరాడు. ఖైదీల్లో జుత్తు నెరిసిన వంటాయన ఒకడు ఈయన్ని చేరదీసి, పక్కన నిలబెట్టుకుని పిండి పిసకడం నేర్పాడట. "మాంజా, మాంజా" అంటూ దగ్గర కూర్చుని తినిపించేవాడట. మాంజా అంటే వాళ్ళ బాసలో తినమని.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ మా ఇంట్లో పొయ్యి వెలగడం మానేసింది. బియ్యం మాయమైపోయిన కాలం అది. ఆయన పంపింది చేతికందినా కొనడానికి ఊళ్ళో గింజ లేదు. చోడి అంబలి, అంటే రాగి అంబలే, పల్చబడి పల్చబడి చివరికి వేన్నీళ్ళయింది. మా అప్ప చంకలో కూతుర్ని వేసుకుని మా ఇంట్లోనే ఉండేది. ఆ గుంటకి అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. నేను దానికన్నా కొంచెం పెద్ద, అంతే. దాని ఏడుపు రోజురోజుకీ సన్నబడిపోవడం నాకు తెలుసు. ఆఖరికి జ్వరం వచ్చి పోయిందన్నారు. ఆకలికి పోయిందని ఏ ఇంట్లోనూ అనరు కదా.

బావ తిరిగొచ్చిన పొద్దు నాకు బాగా గుర్తు. శిబిరం ఎత్తేశాక దారిలో మలేరియా తగిలి ఎముకల గూడైపోయాడు. ట్రంకు పెట్టె గుమ్మంలో దింపి, "గుంటేదే?" అన్నాడు. అప్ప గోడకి జారగిలబడి అలాగే కూర్చుండిపోయింది. ఆయనకి అర్థమైంది. గుమ్మంలోనే కూలబడ్డాడు. ఇద్దరూ ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక, అప్ప ఆయన మొహంలోకి చూసి, "ఇలాగైపోనావేటి మావా? అక్కడ ఏటి తిన్నావు?" అని అడిగింది.

"పస్తా" అన్నాడు బావ. అలవాటు మీద నోట్లోంచి వచ్చేసిన మాట.

"ఓలమ్మో, ఓలమ్మో! నువ్వూ పస్తులేనా! ఇక్కడ మేమూ పస్తులు, అక్కడ నువ్వూ పస్తులు!" అని అప్ప ఆయన మీద పడి గోలుగోలున ఏడ్చింది.

బావ చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా. అప్ప ఖాళీ చంక చూసి మూసుకున్నాడు.

అలా మూసుకున్న నోరు ఇరవై ఏళ్ళ పైచిలుకు తెరవలేదు. అప్ప కాపురమంతా ఆ ఒక్క మాట మీద నిలబెట్టుకుంది. మళ్ళీ పిల్లలు పుట్టలేదు. ఎవరైనా అయ్యోపాపం అంటే, "మా మావ కూడా మాతోపాటే పస్తులున్నాడమ్మా. ఆ కష్టంలో నానొక్కదాన్నే కాదు" అనేది. ఆవిడ ఆ మాట ఎత్తితే చాలు, బావ లేచి దొడ్లోకి పోయేవాడు. కూతురు గుర్తొచ్చి పోతున్నాడనుకునేవాళ్ళం.

అరవయ్యేడో, అరవయ్యెనిమిదో. మళ్ళీ బియ్యానికి కటకట వచ్చింది. రేషను డిపోలో బియ్యం బదులు గోధుమలు పోసేవారు, ఎక్కడినుంచో ఓడల మీద వచ్చాయట. మా వరి దేశంలో గోధుమలెవరికి కావాలి? రొట్టె చేస్తే చెప్పట్టలా సాగేది. జనం నూకలాగ విసిరి, ఉడకేసి, సర్కారుని తిట్టుకుంటూ మింగేవారు. మా బావ మాత్రం డిపో ముందు గుప్పెడు గోధుమలు అరచేతిలో వేసుకుని అలా నిలబడిపోయాడట. "ఇయ్యే అప్పుడుంటే మన గుంట బతికీది" అన్నాడని అప్పే నాకు చెప్పింది, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత కొద్దిరోజులకే కోటబొమ్మాళి స్టేషను దగ్గర తాటాకు పాక వేసి ఓటలు పెట్టాడు. మా ఆయన ఉద్యోగం వల్ల నా కాపురం ఆ ఊళ్ళోనే. అప్పావాళ్ళ పల్లె అక్కడికి బండి మీద పూట ప్రయాణం. బావ పొద్దున్నే వచ్చి రెండు మూడు రోజులుండి పోయేవాడు. పాక ముందు బోర్డు: "ఇచ్చట పస్తా దొరుకును."

ఆ బోర్డు చూసి నవ్వని మనిషి లేడు. "ఓర్నాయనో! పస్తు మా ఇంట్లో ఊరికే దొరుకుతాది, దానికి ఓటలుకి రావాలేటి?" అని రైలు దిగినవాళ్ళు దిగినట్టే వెక్కిరించేవారు. బోర్డు రాసినాయన కూడా పోనీ దీర్ఘం పెడతానన్నాడు. "వొద్దు. ఆ పెద్దాయన ఎలాగన్నాడో అలాగే ఉండాల" అన్నాడు బావ. మొండిఘటం. ఆ ఒక్క దీర్ఘం పెట్టనిచ్చి ఉంటే ఏమయ్యేదో అని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

వంట మాత్రం చూసి తీరాలి. బల్ల మీద పిండి రాశి పోసి, మధ్యలో గొయ్యి తీసి, అందులో గుడ్డు కొట్టేవాడు. గుడ్డు తిననివాళ్ళకి ఉత్త నీళ్ళతో కలిపిన ముద్ద వేరే. పిసికి పిసికి, తడిగుడ్డ కింద పడుకోబెట్టి, సోడాసీసాతో పల్చగా ఒత్తి, మడతపెట్టి, కత్తితో సన్నగా కోసి, ఆ పోగులన్నీ దండెం మీద ఆరేసేవాడు. "నూలు బాగానే ఒడికినావు, సీర ఎప్పుడు నేస్తావు?" అని నేను ఏడిపించేదాన్ని. రామ్ములగ పళ్ళు, అంటే టమాటాలే, చిదిమి వెల్లుల్లితో నువ్వుల నూనెలో మగ్గబెట్టేవాడు. పైన చల్లడానికి అక్కడ గట్టి జున్నేదో ఉంటుందట. అది మనకెక్కడిది? కళింగపట్నం నుంచి ఎండునెత్తళ్ళు, అవే చిన్న ఎండుచేపలు, తెప్పించి, వేపి, పొడిచేసి చల్లేవాడు. మరుగుతున్న గిన్నెలోంచి ఒక్క పోగు తీసి, కొరికి, కొరికినచోట కంటి దగ్గర పెట్టుకుని చూసి, "పంటికి తెలియాల" అని దింపేసేవాడు.

పంటికి తెలియడమే జనానికి నచ్చలేదు. సంతరోజున ఒక పెద్దరైతు రెండు పోగులు నమిలి, "బాబూ, నీ సేమ్యా ఉడకలేదు. కాసిన్ని పాలూ పంచదారా పోసి మళ్ళీ పొయ్యెక్కించు" అన్నాడు.

"ఇది పాయసం కాదు బాబూ."

"కాకపోతే సెయ్యి. అదేటి పెద్ద పనా?"

చేత్తో ఎత్తితే పోగులు మోచేతి దాకా జారేవి. ఒకాయన తల వెనక్కి వాల్చి, చెయ్యి పైకెత్తి, పై నుంచి నోట్లోకి దింపుకునేవాడు. బావ "మాంజా, మాంజా" అంటే, "గాలిపటం దారవా ఏటి, కోసుకుపోగల్దు" అని నోరు మూసుకునేవాళ్ళు. శిబిరం నుంచి తెచ్చుకున్న ముళ్ళ చెంచా ఒకటుండేది. పోగుల్ని దానికి చుట్టి చూపించేవాడే గాని, దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. మిషను స్కూలు టీచరమ్మలు అప్పుడప్పుడు వచ్చి ఇష్టంగా తిని వెళ్ళేవారు. నేనూ లొట్టలేసుకుంటూ తిన్నాను, దాపరికమెందుకు. మేం తింటుంటే ఆయన గోడకి ఆనుకుని నిలబడి బుగ్గ మీద వేలు తిప్పుకునేవాడు.

అప్పటికే అప్ప చెవిన పడింది. పల్లెలో ఎవరో, "మీ ఆయన ఓటల్లో పస్తంట గదా" అని నవ్వితే, ఆవిడ ఏమందో తెలుసా? "అవును. పస్తంటే ఏటో మా మావకి తెలుసు. అందుకే ఆ పేరెట్టి జనానికి కూడెడతన్నాడు. గుంటని మరిసిపోలేదు" అందట, గర్వంగా తలెత్తుకుని. ఆ సంగతి నేనే బావకి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన చేతిలో పిండిముద్ద అలాగే ఉండిపోయింది.

"మరదలా, నాను పస్తులు లేను" అన్నాడు.

"ఏటి?"

"అక్కడ పస్తులు లేను. రోజూ కడుపునిండా తిన్నాను. ఇదే తిన్నాను." దండెం వైపు చూపించాడు.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "మరి అప్పకి అప్పుడే ఎందుకు సెప్పలేదు?"

"ఏటని సెప్పీది? పిల్ల పోయిన ఇంట్లో నించోని, నాను బాగా తిన్నానే అని సెప్పీదా?"

"సెప్పనోడివి సెప్పకుండానే ఉండాల. ఈ ఓటలెందుకు మరి? ఈ బోర్డెందుకు?"

"అది ఆ మాట అన్నప్పుడల్లా నాకు గొంతులో ముల్లడ్డం పడ్డట్టుంటాదే. దాన్ని తెస్తాను. నా సేత్తో పెడతాను. ఒక్క ముద్ద తిన్నాక సెప్తాను. కడుపులో కూడు పడ్డ మనిసికి కోపం నిలవదే."

కోపం నిలవదట! కడుపు నింపితే అన్నీ చల్లారిపోతాయనుకుంటారు ఈ మగాళ్ళు. "బావా, నీ దండం పెడతాను, ఆ బోర్డు పీకి పొయ్యిలో పెట్టు. అప్ప ఆ మాట పట్టుకునే బతుకుతోంది. అది లాగేస్తే నీ కాపురం మిగలదు" అని మొత్తుకున్నాను. వింటేనా! ఆ వారం సంతరోజునే అప్పని బండెక్కించుకుని తీసుకొచ్చాడు.

అప్ప కొత్తచీర కట్టుకుంది. భుజం మీద తువ్వాలు తీసి బావ బల్ల తుడిచాడు, పళ్ళెం పెట్టాడు, పక్కన ఆ ముళ్ళ చెంచా పెట్టాడు. ఎవరికీ ఇవ్వనిది. "ఇదేటి మావా, తలదువ్వుకుంటారా దీంతో?" అని అప్ప నవ్వి పక్కకి జరిపి, చేత్తోనే ఎత్తి నోట్లో పెట్టుకుంది.

"ఒలే సెల్లీ, బాగున్నాదే!" అంది నా వైపు తిరిగి. "సేమ్యా అనుకున్నాను. మెత్తగా లేదు, పంటికి తెలుస్తన్నాది."

ఆ మాట ఆవిడకి ఎవరూ నేర్పలేదు. బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలు బుగ్గకి ఆనించి తిప్పాడు. ఆయన మొహం అంత వెలగడం నేను మళ్ళీ చూడలేదు.

"ఏటంటారు మావా దీన్ని?"

"పస్తా" అన్నాడు.

అప్ప చెయ్యి ఆగింది. "ఏటన్నావు?"

"పస్తా. ఆ ఖైదీలు తినీవోరు. నాకూ పెట్టీవోరు. నాను అప్పుడు సెప్పింది ఇదేనే. నువ్వు పస్తులనుకున్నావు. నాను కాదన్లేదు."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. పళ్ళెం తీసి మొహాన కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. అప్ప తల వంచుకుని మళ్ళీ తినడం మొదలెట్టింది. ఒక్కొక్క పోగూ నమిలి, ఆఖరి పోగు దాకా తిని, పళ్ళెం వేలితో తుడిచి నాకింది. లేచి చెయ్యి కడుక్కుంది.

"కడుపు నిండింది మావా. ఇందులో పిడికెడైతే సాలు, గుంటకి నిండిపోయీది" అంది. వెళ్ళి బండిలో కూర్చుంది.

బావ బుగ్గ మీద వేలు ఇంకా అలాగే ఉంది. తియ్యడం మరిచిపోయాడు.

ఆ తర్వాత అప్ప ఆయన్ని ఒక్క మాట అనలేదు. వండేది, వడ్డించేది, ఎదురుగా కూర్చునేది. తాను మాత్రం తినేది కాదు. ఆయన ఏ పూట తింటే ఆ పూట ఆవిడకి పస్తు. "తినవేటే?" అని బావ అడిగితే, "నీది పస్తా, నాది పస్తు. నువ్వు తిను" అనేది. ఆయన పొలం పోయి మధ్యాహ్నం ఇంటికి రాకపోతే, ఆ పూట ఏదో ఇంత నోట్లో వేసుకునేది. అది కనిపెట్టాక బావ ఇంటికి రావడం తగ్గించాడు. తర్వాత, ఇంట్లో ఉన్నా ఆకలి లేదని ముసుగు తన్ని పడుకునేవాడు, ఆవిడ తింటుందని. ఓటలు మూసేశాడు. ఆ బోర్డు తెచ్చి అప్పే కోళ్ళగూటికి తలుపుగా కట్టింది. చదువు రాని మనిషి, అక్షరాలు తలకిందులుగా కట్టింది.

నేను వెళ్ళి ఇద్దర్నీ కడిగేశాను. "మతులు పోనాయేటి మీకు? గాదెలో గింజలెట్టుకుని ఈ పస్తులేటి? లోకం నవ్వదా?" అని అరిచాను. బావ లేచి దొడ్లోకి పోయాడు. అప్ప చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

"ఆయన తిన్నందుకు కాదే నా ఏడుపు" అంది చివరికి. "తిననీ. నా మొగుడు నాలుగు మెతుకులు తింటే నాకు కడుపుమంటా? అన్నేళ్ళూ ఆయన నా పక్కనున్నాడనుకున్నాను సెల్లీ. ఇప్పుడు ఎనక్కి తిరిగి సూస్తే ఎవులూ లేరు. ఆ సీకట్లో గుంటా, నానూ, అంతే."

నాకు ఇద్దరి మీదా కోపమే, ఇప్పటికీ. చెప్పకుండా దాచినందుకు ఆయన మీద కోపం, దాచలేకపోయినందుకూ ఆయన మీదే కోపం. తిట్టి, కొట్టి, పుట్టింటికొచ్చి కూర్చోకుండా, అన్నం మానేసి కూర్చున్నందుకు ఆవిడ మీద కోపం. తిడితే సర్దిచెప్పేవాళ్ళం. తినని మనిషికి ఎవరు ఏం సర్దిచెప్తారు?

బావ అలా అలా తీగలా అయిపోయాడు. మంచం పట్టాక శ్రీకాకుళం నుంచి డాక్టరుని పిలిపించాం. ఆయన నాడి చూసి, గుండె చూసి, నాలుక చూసి, జబ్బేం లేదన్నాడు. "తిండి పెట్టండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. తిండి పెట్టాలట!

ఆఖరి రోజు పొద్దున్న నేను అక్కడే ఉన్నాను. డాక్టరు మాట అప్పని కదిపినట్టుంది. చోడి అంబలి కాచి, మజ్జిగ కలిపి, గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. చెయ్యి ఆయన తల కింద పెట్టి ఎత్తింది. ఆ సంతరోజు తర్వాత ఆవిడ ఆయన్ని ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

"తాగు మావా" అంది. "నానూ తాగుతాను. నీతోపాటు తాగుతాను. ఒట్టు."

బావ ఆ గిన్నె వంక చూశాడు. చూపుడువేలు మెల్లిగా బుగ్గ దాకా వెళ్ళింది. తిప్పడానికి అక్కడ బుగ్గ లేదు. వేలు జారిపోయింది.

"వొద్దే" అన్నాడు. "నానూ పస్తే."

అప్ప గిన్నె కింద పెట్టింది. ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఇన్నాళ్ళకి నిజం సెప్పినావు మావా" అంది.

పొద్దు వాలేలోగా ఆయన పోయాడు. ఆ అంబలి ఎవరం తాగలేదు.